వద్దనకపోవడం ఒక్కటే సరిపోదు

మామూలుగా చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. డాక్టరు గారు ఓపిగ్గా వివరించారు. 5.7 కన్నా తక్కువుంటే ఫర్వాలేదు, 6.5 నుంచి పైన ఉంటే షుగర్ ఉన్నట్టు, ఈ రెంటికీ మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. ఇది రక్తంలో చక్కెరకు గత రెండు మూడు నెలల సగటు కాబట్టి ముందురోజు ఏం తిన్నామన్నదాన్ని బట్టి మారిపోయే అంకె కాదు. "ఇప్పుడే మందు అక్కర్లేదు. బరువులో ఏడు శాతం తగ్గించండి, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి, మళ్ళీ చూద్దాం" అన్నారు.

ఆ అంకెలు ఊరికే చెప్పినవి కావని ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్న మూడు వేల మందికి పైగా మనుషులతో చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో పెట్టుకున్న లక్ష్యాలు కూడా ఇవే: బరువులో ఏడు శాతం, వారానికి 150 నిమిషాలు. అలా జీవనశైలి మార్చుకున్నవాళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రలు వాడినవాళ్ళలో తగ్గింది 31 శాతం. షుగర్ వల్ల కాలి పుండు మానక మా అమ్మ పడిన అవస్థ దగ్గరుండి చూసినదాన్ని నేను. మాత్ర కన్నా నడక ఎక్కువ పనిచేసిందని చదివాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నా 74 కిలోల్లో ఏడు శాతమంటే ఐదు కిలోల చిల్లర. అసాధ్యమేమీ కాదు.

ధైర్యం వచ్చింది గానీ, టైము ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, రెండో తరగతి చదివే బాబున్నాడు. ఆ రాత్రే మా ఆయనకు రిపోర్టు సంగతి చెప్పి, రేపటి నుంచి పొద్దున్నే నడకకు వెళ్తానన్నాను. "వెళ్ళు, నేనేమైనా వద్దన్నానా?" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన వరకూ అది పూర్తి సపోర్టే.

మర్నాడు పొద్దున ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకున్నాను, అంతలో బాబు లేచొచ్చాడు. నోట్‌బుక్‌లో బొమ్మలేవో అతికించాల్సినవి మిగిలిపోయాయట, ఏడుపు మొహం. లంచ్ బాక్స్ ఇంకా మొదలే పెట్టలేదు. మా ఆయన నిద్రలో ఉన్నారు. బూటు విప్పేశాను. ఆ వారమంతా దాదాపు అదే వరస. నన్ను ఎవరూ ఆపలేదు, అయినా నేను గుమ్మం దాటలేదు. ఇంటి పని చూసుకునే మనిషి నలభై నిమిషాలు బయటికి వెళ్తే, ఆ నలభై నిమిషాల పని ఎవరో ఒకరు అందుకోవాలి. వద్దనకపోతే చాలనుకునేవాళ్ళకు ఈ లెక్క కనపడదు. చాలా ఇళ్ళలో ఇది ఆడవాళ్ళకే ఎదురవుతుంది గానీ, అందరిళ్ళలో అలాగే ఉండాలని లేదు. భార్యది నైట్ షిఫ్టు కావడంతో పొద్దుటి పనంతా తనే చూసుకునే సహోద్యోగి ఒకాయన నాతో అచ్చం ఇదే మాట అన్నారు.

రెండో చిక్కు తిండి దగ్గర. మా ఆయనకు సంతోషమొస్తే స్వీట్ల డబ్బాతో ఇంటికొస్తారు. పెళ్ళయిన కొత్తలో నుంచీ అంతే. "నీకోసమే తెచ్చా" అని చేతిలో పెట్టిన మనిషికి వద్దని చెప్పడం చాలా కష్టం. వద్దన్నప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది. ప్రేమను కాదన్నట్టు ఉండేది ఇద్దరికీ.

మూడోది రాత్రిపూట వచ్చింది. అది నేను ఊహించలేదు. బాబు పడుకున్నాక ఇద్దరం సోఫాలో చేరి, ఏదో ఒకటి చూస్తూ, ఏదో ఒకటి నములుతూ పదకొండున్నర దాకా కబుర్లు చెప్పుకోవడం మాకు అలవాటు. పొద్దున్నే లేవాలంటే పదింటికల్లా పడుకోవాలి. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది తగ్గిన మర్నాడు ఆకలీ ఎక్కువవుతుంది, మనసు తీపి మీదికీ పోతుంది. అందుకని పదింటికి లైటు తీసేయడం మొదలుపెట్టాను. ఇక అక్కణ్ణుంచి ఆయన ముభావంగా ఉండటం, చిన్న చిన్న వాటికి చిరాకు పడటం. "ఇప్పుడు నీకు ఆరోగ్యం తప్ప ఇంకేమీ పట్టట్లేదు" అని ఒక రాత్రి అన్నారు. నేను మారు మాట్లాడలేదు. గొడవలో అడిగిన సాయం గొడవతోనే పోతుంది. ఇద్దరికీ తీరిక ఉన్న సమయం కోసం ఆగాను.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, బాబు ఫ్రెండు ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళినప్పుడు కూర్చున్నాం. రిపోర్టు గురించి కాకుండా అమ్మ కాలి గురించి మొదలుపెట్టాను. అమ్మకు కట్టు మార్చేటప్పుడు పక్కనే ఉన్నానని ఆయనకు తెలుసు. కానీ ఆ వాసన నన్ను ఎన్నాళ్ళు వదల్లేదో, రాత్రుళ్ళు నా కాళ్ళు నేనే తడిమి చూసుకునేదాన్నని ఆయనకు తెలియదు. "సన్నబడాలని కాదు. నాకు అలా కాకూడదు, అంతే" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నేనే మళ్ళీ అడిగాను, "నేనిది మొదలుపెట్టాక మీకు ఏం ఇబ్బందిగా ఉంది? చెప్పండి, అడ్డు చెప్పకుండా వింటాను" అని.

"రాత్రి మాట్లాడుకోవడమే లేదు" అన్నారు. కాసేపాగి, "నువ్వు నడక అన్నప్పుడల్లా నా పొట్టనే అంటున్నావేమో అనిపిస్తుంది" అన్నారు.

ఆయన పొట్ట గురించి నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు కూడా. ఒకే కప్పు కింద ఇద్దరిలో ఒకరు మారడం మొదలుపెడితే, రెండోవారికి తమ అలవాట్లన్నీ ఎవరో తూకం వేస్తున్నట్టే ఉంటుంది. పైకి కనపడే చిరాకు వెనక చాలాసార్లు ఉండేది ఇదే అని నేను నమ్ముతున్నాను: "నువ్వు బాగుపడితే నేనేమవుతాను? మన ఇద్దరి మధ్య ఉన్నది ఏమవుతుంది?" వ్యాయామం వల్ల లాభాలు ఎన్ని ఏకరువు పెట్టినా ఈ భయం పోదు. "మీరు మారాలని నేను అడగను. మీకు ఇష్టమైతే మీ ఇష్టం. రాత్రి కబుర్లు మాత్రం నాకూ కావాలి" అని స్పష్టంగా చెప్పాను. అక్కడ గాలి తేలికపడింది.

తర్వాత అడగాల్సినవి అడిగాను. "నాకు సపోర్ట్ చెయ్యండి" అంటే ఏ మనిషికైనా తల ఊపడం తప్ప ఏం చెయ్యాలో తెలియదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ పని అని చెబితే చేస్తారు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా ఇల్లు ఆయనది: బాబును లేపడం, స్నానం, లంచ్ బాక్స్ అన్నీ. ఆ మూడు రోజులూ నేను నలభై నిమిషాల చొప్పున నడుస్తాను. ఆదివారం ఇద్దరం కలిసి అరగంట నడుస్తాం. అక్కడికి 150 నిమిషాలు పూర్తవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలంటాయి. ఆ రెండు రోజులకూ మంగళ, గురువారాల సాయంత్రాలు తీసుకున్నాను. ఆ అరగంట నన్ను ఎవరూ పిలవకూడదు. ఫోను కనపడలేదన్నా సరే, టవల్ ఎక్కడుందన్నా సరే.

ఆయన అడిగింది ఆయనకు దక్కాలి కదా. రాత్రి భోజనం కాస్త ముందుకు జరిపి, తిన్నాక ముగ్గురం పావుగంట బయట తిరిగి రావడం మొదలుపెట్టాం. బాబు సైకిలు మీద ముందు పోతుంటాడు, మేం వెనక మాట్లాడుకుంటూ నడుస్తాం. తిన్న తర్వాత కొద్ది నిమిషాలు మెల్లగా నడిచినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది కాబట్టి అది నాకూ మంచిదే. శుక్ర, శనివారం రాత్రులు మాత్రం పాత పద్ధతే, ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. అందుకే వారాంతంలో పొద్దుటి నడక పెట్టుకోలేదు. ఆదివారం నడక సాయంత్రమే.

స్వీట్ల సంగతి మాట్లాడుతున్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తు. "మరి సంతోషమొస్తే నీకేం తేవాలి?" అన్నారు. ఇంటికి తేవడం మానమని అడిగితే అది బాబుకూ ఆయనకూ శిక్ష. తెచ్చుకోండి గానీ, నా చేతిలో పెట్టకండి, బల్ల మీద మూత తీసి ఉంచకండి, పై అరలో పెట్టండి అన్నాను. కంటికి ఎదురుగా ఉన్నదాని మీదికి చెయ్యి పోవడం మానవ సహజం. నాకు తినాలనిపిస్తే నేనే అడిగి తీసుకుంటాను. "నాకైతే మీరు ఆఫీసు నుంచి ఒక గంట ముందొస్తే చాలు" అన్నాను. ఇప్పటికీ ఏదైనా మంచి వార్త ఉన్న రోజు ముందే వచ్చేస్తారు.

మొదటి వారాల్లో పొద్దున నేను నడుస్తుంటే ఫోన్లు. బాక్సు మూత ఎక్కడుంది, యూనిఫామ్ ఏది, ఈ రోజు ఏ బూట్లు. తీసి జవాబు చెప్పేకొద్దీ నడక నడకలా ఉండట్లేదు. అందుకని ముందురోజు రాత్రి ఇద్దరం కలిసి అన్నీ ఒకచోట పెట్టడం, నడకప్పుడు నిజంగా అత్యవసరమైతేనే ఫోను అని అనుకున్నాం. ఒక రోజు నేను తిరిగొచ్చేసరికి బాబు రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మహా హుషారుగా. మార్చమని నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. పని ఆయనకు అప్పజెప్పాక చేసే తీరూ ఆయనదే. తిరిగొచ్చి ప్రతిదానికీ వంక పెడితే, నాలుగు రోజుల తర్వాత ఆ పని మళ్ళీ నా మీదికే వస్తుంది. భార్యాభర్తల మధ్య ఇలాంటి ఏర్పాట్లు చాలావరకు చెడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఆయన పూర్తిగా నా పక్షాన నిలబడ్డాక వచ్చిన చిక్కు వేరు. నా మీద కాపలా మొదలైంది. పొద్దున లేవగానే "ఈ రోజు బరువెంత?" ప్లేటు ముందు కూర్చుంటే "ఇది రెండోసారి కదూ?" ఒకసారి బంధువుల ఇంట్లో విందుకు వెళ్ళాం. నేను ఆలోచించుకునే, ఒక చిన్న స్వీటు ముక్క తీసుకున్నాను. బల్లకు ఆ చివర నుంచి, "డాక్టరు వద్దన్నారుగా నీకు!" అన్నారు పెద్దగా. అందరూ నా చేతి వైపు చూశారు. ఒకావిడ "అయ్యో, అప్పుడే షుగరా?" అంది. ముక్కను తిరిగి ప్లేటులో పెట్టేశాను. ఇంటికొచ్చాక నిజంగా ఆకలి లేకపోయినా వంటింట్లో నిలబడి దొరికింది తిన్నాను. ఎవరూ చూడట్లేదన్న ఒక్క కారణంతో.

అది ప్రేమతోనే చేశారని నాకు తెలుసు. అందుకే చెప్పడం మరీ కష్టమైంది. మర్నాడు ఆ వంటింటి సంగతి కూడా దాచకుండా చెప్పాను. మనిషిని ముందుకు నడిపేదేమిటన్న విషయం మీద దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ మూడు అవసరాల గురించి చెబుతారు: నా నిర్ణయం నాది అనిపించడం, నేను చేయగలననిపించడం, నాకో తోడుందనిపించడం. కాపలా కాసేవాళ్ళు తోడు ఇస్తున్నామనే అనుకుంటారు. ఈలోగా మొదటి రెండూ లాగేసుకుంటారు. అప్పుడు మనిషి మానడు, చాటుకు వెళ్తాడు. మా ఆయనకు నేను పుస్తక భాషలో చెప్పలేదు. "నేను ఏం తింటున్నానో మీరు చూస్తుంటే, నాకు తినాలన్న కోరిక పెరుగుతోంది" అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది.

బరువు అడగడం మానేశారు. అసలు రోజుకీ రోజుకీ ఒంట్లో నీరు, ఉప్పు బట్టి కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. దాన్ని రోజూ చర్చకు పెడితే ఇద్దరికీ టెన్షన్ తప్ప వేరే లాభం లేదు. మూడు నెలలకోసారి వచ్చే హెచ్‌బీఏ1సీ ఒక్కటే కలిసి చూసుకుందామనుకున్నాం. నలుగురిలో నా తిండి మాట ఎత్తకూడదు. ఎవరైనా మరీ బలవంతపెడుతుంటే నేను ఆయన వైపు చూస్తాను, అప్పుడు మాత్రం "ఆమెకు చాలట" అని అడ్డుపడతారు. ఆ చూపు మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మధ్యలో ఆయన ఆఫీసులో ఒక ప్రాజెక్టు గడువు దగ్గరపడి కొన్ని వారాలు పొద్దుటి ఏర్పాటు మొత్తం పోయింది. ఇక ఇదంతా మళ్ళీ మొదటికొచ్చినట్టేనా అని ఆయనే బాధపడ్డారు. అలవాట్ల మీద లండన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం ఆగిపోలేదు. మాకు తప్పింది ఒక రోజు కాదు, నిజమే. కానీ 254 అన్న అంకె చూశాక ఇది నిదానంగా సాగే పని అని ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పట్నుంచి ఆదివారం నడకలోనే వచ్చే వారం ఎవరికి ఏ రోజు ఇబ్బందో చూసుకుని రోజులు మార్చుకుంటున్నాం. ముందు అనుకుని మార్చుకున్న రోజుకు ఎవరికీ కోపం రాదు.

ఆయన మారాలని నేను అడగలేదని చెప్పాను కదా, ఆ మాట మీదే ఉన్నాను. అయినా ఆదివారం నడక ఆయనలో ఏదో కదిలించింది. మొదట్లో నా వేగం అందుకోలేక చిరాకు పడేవారు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే చాలని తెలిశాక ఎవరి వేగం వారిదైంది. ఆయనకు సరిపడేంత నడిచాక నేను కొద్దిదూరం ముందుకెళ్ళి వెనక్కొస్తాను. కొన్ని నెలలకు తనంతట తనే రక్తపరీక్ష చేయించుకుని వచ్చారు. ఇంగ్లండులో యాభై దాటిన 3,700కు పైగా జంటల వివరాలతో 2015లో వచ్చిన ఒక అధ్యయనం, జంటలో ఒకరు మంచి అలవాటులోకి మారితే రెండోవారూ మారే అవకాశం బాగా పెరుగుతుందని చెప్పింది. మొదట్నుంచీ ఆరోగ్యంగా ఉన్న జీవిత భాగస్వామి కన్నా, కళ్ళముందు మారుతున్న మనిషే ఎక్కువ కదిలిస్తారట. మా ఇంట్లో చూసింది కూడా ఇదే కాబట్టి నాకు అది నమ్మబుద్ధయింది.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఇదంతా పనిచేసింది నా బాగు కోరే మనిషితో. ఒంటిని ఎగతాళి చేసేవాళ్ళు, బయటికి అడుగు పెట్టనివ్వనివాళ్ళు, కావాలనే పాడుచేసేవాళ్ళు ఉన్నచోట ఎంత మెత్తగా, ఎంత వివరంగా అడిగినా సరిపోదు. అక్కడ ఉన్న సమస్య ఆరోగ్యం గురించి కాదు. అలాంటివాళ్ళు తమ నడకకు అక్కనో, స్నేహితురాలినో తోడు వెతుక్కోవాలి. ఆ పెద్ద సమస్యకు విడిగా సాయం తీసుకోవాలి. ఓపిక పట్టమని నేను వాళ్ళకు చెప్పలేను.

ఏడాది దాటాక నా హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది. బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఇంకా ప్రీడయాబెటిస్ గీత లోపలే ఉన్నాను, కానీ వెళ్తున్న దిశ సరైనదని, ఇలాగే కొనసాగించమని డాక్టరు గారు అన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ కుదరనిది మంగళ, గురువారాల వ్యాయామం. సాయంత్రం ఎవరైనా వచ్చినా, బాబుకు పరీక్షలున్నా ముందు పోయేది అదే. దాన్ని మంగళవారం పొద్దుటికి మార్చుదామని నేను, శనివారం మధ్యాహ్నమైతే తను కూడా చేస్తానని ఆయన. ఈ ఆదివారం తేల్చుకోవాలి.